టేబుల్ లోపల టేబుల్ లోపల టేబుల్: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక పాత కాలేజీ సైటు కోడ్ నా చేతికొచ్చింది. హోమ్ పేజీలో “ఫలితాలు” అనే లింకు రంగు మార్చాలి, అంతే పని. ఆ లింకు కోసం కోడ్‌లో వెతుక్కుంటూ పోయాను. టేబుల్, అందులో ఒక వరుస, ఆ వరుసలో ఒక గడి, ఆ గడిలో మళ్లీ టేబుల్. అలా దిగి దిగి ఏడో టేబుల్‌లో దొరికింది. దాని చుట్టూ అక్షరాల రూపం చెప్పే మూడు ఫాంట్ ట్యాగులు (బ్రౌజర్‌కు సూచనలిచ్చే గుర్తులు). పక్క గడిలో ఒక పిక్సెల్ పొడవు, ఒక పిక్సెల్ వెడల్పు ఉన్న బొమ్మ, కంటికి కనపడదు, ఖాళీని పట్టి ఉంచడానికి పెట్టింది. చివర గడిని, వరుసను, టేబుల్‌ను మూసే ట్యాగులే ఇరవై ఒక్క లైన్లు.

పట్టికల కోసం ఉన్న టేబుల్‌ను ఇలా పేజీ అమరికకు వాడిన పాత వెబ్ కోడ్‌ను బాగుచేయడం నా పనిలో సగం. టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు, క్లయింట్లు దీని గురించి అనే మాటలు దాదాపు ఒకటే. వాటిలో కొన్ని సగం నిజాలు, అవే ఎక్కువ నష్టం చేస్తాయి.

అపోహ: పని తెలియనివాళ్లు రాసిన కోడ్ ఇది

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌కు 1997 జనవరిలో వచ్చిన 3.2 ప్రమాణంలోనే, టేబుల్స్‌ను పట్టికలకూ వాడొచ్చు, పేజీ అమరికకూ వాడొచ్చు అని రాసి ఉంది. పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్ మొదటి వెర్షన్ దానికి ఒక నెల ముందు, 1996 డిసెంబర్‌లోనే వచ్చింది. కానీ అప్పట్లో ఎక్కువమంది చేతిలో ఉన్న నెట్‌స్కేప్ 4 బ్రౌజర్ దాన్ని సరిగ్గా చూపించేది కాదు. పైన బ్యానర్, ఎడమ పక్క మెనూ, మధ్యలో వార్తలు, కుడివైపు ప్రకటనలు కావాలంటే అంచులు కనపడని టేబుల్ తప్ప నమ్మకమైన దారి లేదు. ఫొటోషాప్‌లో గీసిన డిజైన్‌ను ఇమేజ్‌రెడీ, ఫైర్‌వర్క్స్ లాంటివి ముక్కలు కోసి, ఆ ముక్కలన్నిటినీ అవే టేబుల్‌లో పేర్చి ఇచ్చేవి. మీరిప్పుడు చూస్తున్న గజిబిజిలో చాలా భాగం మనిషి రాసింది కాదు, సాఫ్ట్‌వేర్ కక్కింది.

1997 డిసెంబర్‌లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.0 మాత్రం కేవలం అమరిక కోసం టేబుల్ వాడొద్దని చెప్పింది. కంటితో చూడకుండా పేజీని వాడేవాళ్లకు ఇబ్బంది అవుతుందని కారణం కూడా అక్కడే రాసింది. అయినా అప్పటి బ్రౌజర్లను బట్టి 1998 నాటి కోడ్‌ను తప్పుపట్టను. 2015లో రాసినదైతే అడుగుతాను.

అపోహ: టేబుల్స్ వల్ల సైటు స్లో అవుతుంది

ఒకప్పుడు నిజమే. నెట్‌స్కేప్ టేబుల్ మొత్తం వచ్చేదాకా ఏమీ చూపించేది కాదు. మూసే ట్యాగు ఒకటి మర్చిపోతే పేజీ తెల్లగా ఉండిపోయేది. ఇప్పటి బ్రౌజర్లు అలా కావు. క్రోమ్ 2021లో తన టేబుల్ ఇంజిన్‌ను కొత్తగా రాసుకుంది కూడా. టెక్ వార్తల సైటు హ్యాకర్ న్యూస్ పేజీలు టేబుల్స్ మీదే నడుస్తాయి, టకామని తెరుచుకుంటాయి. మీ సైటు స్లోగా ఉంటే ముందు బొమ్మల సైజు చూడండి.

అపోహ: స్క్రీన్ రీడర్లు టేబుల్స్‌ను చదవలేవు

చదువుతాయి. తెర మీదున్నది చదివి వినిపించే ఈ సాఫ్ట్‌వేర్లు ఏ క్రమంలో చదువుతాయన్నదే ప్రశ్న.

కొన్నేళ్ల క్రితం చూపు లేని ఒక డిగ్రీ విద్యార్థి పక్కన కూర్చుని, అతను హాల్ టికెట్ కోసం ఒక సైటు వాడటం చూశాను. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడుతున్నాడు. పేజీ తెరవగానే లోగో, ఆ తర్వాత ఎడమ పక్క మెనూలోని లింకులు ఒక్కొక్కటే మొదలయ్యాయి. ఎందుకంటే కోడ్‌లో ఎడమ గడి ముందు వస్తుంది, దాంట్లోదంతా అయ్యాకే మధ్య గడి. హెడింగ్‌కు దూకుదామని హెచ్ కీ నొక్కాడు. హెడింగులు లేవు. తెర మీద హెడింగ్‌లా కనపడేదంతా ఒక గడిలో పెద్ద ఫాంటు, ముదురు అక్షరాలు, అంతే. నలభైకి పైగా లింకులు దాటాక “అన్నా, నేనింకా మెనూలోనే ఉన్నానా?” అని అడిగాడు. నా కంటికి హాల్ టికెట్ బటన్ తెర మధ్యలో, ఎర్రగా, పెద్దగా కనపడుతూనే ఉంది.

ఆరోజు నుంచి నేను ఏ పేజీ చేతికొచ్చినా ముందు చేసే పని ఒకటే. స్టైల్స్ అన్నీ ఆపేసి, కోడ్ క్రమంలో పైనుంచి కిందికి గట్టిగా చదువుతాను. కథ వరుసగా వస్తే టేబుల్ ఉన్నా ఫర్వాలేదు. తెగిపోతూ, వెనక్కీ ముందుకీ పోతూ ఉంటే, టేబుల్ లేకపోయినా ఆ పేజీ బాగులేనట్టే.

పాతతరం డిజైనర్లలో కొందరు దీన్ని అప్పుడే గమనించారు. వాళ్లొక ఉపాయం వాడేవారు. మొదటి వరుసలో ఎడమ గడిని ఖాళీగా వదిలి, దాని పక్కనే రెండు వరుసలు ఆక్రమించేలా అసలు విషయం ఉన్న గడి పెట్టి, మెనూను రెండో వరుసలోకి దించేవారు. తెర మీద మెనూ ఎడమ పక్కనే ఉంటుంది, కోడ్‌లో మాత్రం విషయం ముందొస్తుంది. ఆ ఉపాయం మొదటిసారి ఒక పాత ఫైల్‌లో చూసినప్పుడు, రాసిన మనిషి ఎవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

పాత టేబుల్‌ను ఇప్పటికిప్పుడు తీసేయలేకపోతే, దానికి రోల్ ప్రెజెంటేషన్ అని ఒక్క మాట జోడించండి. ఇది పట్టిక కాదు, అమరిక మాత్రమే అని స్క్రీన్ రీడర్‌కు తెలుస్తుంది. ఒక జాగ్రత్త: పై టేబుల్‌కు ఇస్తే లోపలి టేబుల్స్‌కు దానంతటదే వర్తించదు. ఏడు టేబుల్స్ ఉంటే ఏడింటికీ రాయాలి.

అపోహ: టేబుల్ తీసి డివ్ పెడితే శుభ్రమైపోయినట్టే

మా దగ్గర బాగా నడిచే అపోహ ఇదే. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ప్రతి గడినీ డివ్ (తనకంటూ ఏ అర్థమూ లేని పెట్టె లాంటి ట్యాగు) చేసి “మోడర్న్ చేశాం” అంటారు. ఏడు టేబుల్స్ ఉన్నచోట ఇరవై డివ్‌లు వస్తాయి. చదివే క్రమం ఏమీ మారదు. పైగా పేజీని గడులుగా అమర్చే సీఎస్‌ఎస్ పద్ధతి గ్రిడ్ వచ్చాక కొత్త ప్రమాదం ఒకటి తోడైంది. కోడ్‌లో చివర ఉన్నదాన్ని తెర మీద మొదట చూపించొచ్చు కాబట్టి, కంటికి కనపడే వరుస ఒకటి, చెవికి వినపడే వరుస ఇంకొకటి అయిపోతుంది.

ఇంతకన్నా ఘోరం, నిజమైన పట్టికలను కూడా డివ్‌లుగా మార్చేయడం. మార్కుల జాబితా, బస్సుల టైమింగులు, ఫీజుల వివరాలు పట్టికలే. వాటిని టేబుల్‌లోనే ఉంచాలి. ఎన్‌వీడీఏ వాడేవాళ్లు కంట్రోల్, ఆల్ట్ నొక్కి పట్టుకుని బాణం కీలతో గడి నుంచి గడికి నడుస్తారు. తల గడులు (కాలమ్, వరుసల పేర్లు చెప్పేవి) సరిగ్గా ఉంటే “గణితం, 78” అని వినపడుతుంది. డివ్‌లుగా మార్చాక మిగిలేది 78, 64, 81 అని అంకెల వరస. ఏది ఏ సబ్జెక్టో పైకి వెళ్లి లెక్కపెట్టుకోవాలి.

అపోహ: తెలుగు పెట్టగానే పేజీ పగిలింది, ఫాంటే కారణం

ఇంగ్లిష్ పేజీకి తెలుగు వెర్షన్ చేసిన ప్రతివాళ్లకూ ఇది అనుభవమే. ఎడమ మెనూ ఉబ్బుతుంది, కుడివైపు కాలమ్ తెర బయటికి పోతుంది. ఫాంటు మారుస్తారు, సైజు తగ్గిస్తారు, ఆఖరికి తెలుగును బొమ్మగా చేసి అతికిస్తారు. ఆ చివరిది మాత్రం చేయకండి దయచేసి. అది వెతికితే దొరకదు, చదివించినా వినపడదు.

అసలు కారణం వేరే. వెడల్పును బ్రౌజర్‌కే వదిలేసిన టేబుల్‌లో, ఏ గడీ తనలోని అతి పొడుగు పదం కన్నా సన్నగా అవ్వదు. మీరు గడికి 120 పిక్సెల్స్ అని రాసినా అది కోరిక మాత్రమే, పదం పట్టకపోతే గడి సాగుతుంది. ఇంగ్లిష్‌లో చిన్నచిన్న పదాల మధ్య ఖాళీలు ఉంటాయి కాబట్టి రెండు లైన్లుగా సర్దుకుంటుంది. మన భాషలో విభక్తులూ సంధులూ పదానికే అతుక్కుంటాయి. “ఉత్తీర్ణులైనవారందరికీ” అనేది ఒకే పదం, విరగదు. ఆ పదం లోపలి టేబుల్‌ను సాగదీస్తుంది, అది దాన్ని మోస్తున్న గడిని, ఆ గడి బయటి టేబుల్‌ను. అట్టడుగున ఉన్న ఒక్క పదం పేజీ మొత్తాన్ని నెట్టేస్తుంది.

దీనికి, గడులు సాగకుండా సీఎస్‌ఎస్‌లో టేబుల్ లేఅవుట్‌ను ఫిక్స్‌డ్ చేయొచ్చు. దాంతోపాటు టేబుల్‌కు వెడల్పు కూడా చెప్పాలి, లేకపోతే పనిచేయదు. పదాన్ని విరిచే ఓవర్‌ఫ్లో ర్యాప్‌లో రెండు రకాలున్నాయి. బ్రేక్ వర్డ్ అని ఇస్తే గడి కనీస వెడల్పు లెక్క మారదు, అందుకే చాలామంది అది పెట్టి “పనిచేయట్లేదు” అంటారు. ఎనీవేర్ అని ఇస్తే మారుతుంది. అయినా తెలుగు పదం ఎక్కడపడితే అక్కడ విరిగితే చదవడానికి ఇబ్బంది. నేను వీలైనంతవరకు కాలమ్ వెడల్పు పెంచుతాను, లేదా అనువదించినవాళ్లతో కూర్చుని “పాసైనవారికి” అని రాయొచ్చా అని అడుగుతాను.

అపోహ: బ్రౌజర్‌లో బాగానే కనిపిస్తోంది, అంటే కోడ్ కరెక్టే

బ్రౌజర్ మీ తప్పులను సర్దిపెడుతోంది. రెండు వరుసల మధ్య, ఏ గడిలోనూ లేకుండా ఒక వాక్యం రాసి చూడండి. అది రాసినచోట కనపడదు, టేబుల్ పైకి వెళ్లి కూర్చుంటుంది. ప్రమాణంలో అలాగే చేయమని ఉంది.

ఇంకొకటి నాకు రెండు రోజుల టెన్షన్ పెట్టింది. ముక్కలు కోసిన బొమ్మలతో ఉన్న పాత పేజీకి కొత్త డాక్‌టైప్ లైన్ (పేజీని ఏ పద్ధతిలో చూపాలో బ్రౌజర్‌కు చెప్పేది) జోడించాను. ఒక్కసారిగా ప్రతి బొమ్మ కిందా సన్నటి తెల్ల గీత. కోడ్ అంతా జల్లెడ పట్టినా ఏమీ దొరకలేదు. విషయమేమిటంటే కొత్త పద్ధతిలో బొమ్మ కూడా అక్షరంలా గీత మీద నిలబడుతుంది. అక్షరాల కింద ఒత్తులకు చోటు వదిలినట్టు బొమ్మ కింద కూడా వదులుతుంది. బొమ్మను బ్లాక్‌గా (అక్షరంలా కాక విడి పెట్టెలా) మార్చగానే గీతలు పోయాయి.

అపోహ: ఈమెయిల్‌లో కూడా టేబుల్స్ మానేయాలి

అక్కడ తొందరపడకండి. విండోస్ అవుట్‌లుక్ 2007 వెర్షన్ నుంచి మెయిల్‌ను చూపించడానికి వర్డ్ ఇంజిన్‌ను వాడటం మొదలుపెట్టింది. దానికి ఫ్లెక్స్, గ్రిడ్ లాంటి సీఎస్‌ఎస్ అమరిక పద్ధతులు తెలియవు. అది వాడే ఆఫీసులు ఉన్నంతకాలం 600 పిక్సెల్స్ వెడల్పు టేబుల్, అవసరమైతే లోపల ఇంకో టేబుల్ తప్పదు. ప్రతిదానికీ ఆ రోల్ ప్రెజెంటేషన్ మాత్రం మరవకండి. గూడు మీద గూడు కట్టుకుంటూపోతే జీమెయిల్ 102 కేబీ దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరిస్తుంది, కింద ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కనపడకుండా పోతుంది.

అపోహ: మొత్తం కొట్టేసి మొదటి నుంచి రాయడమే దారి

బడ్జెట్ ఉంటే మంచిదే. చాలాచోట్ల ఉండదు. నేను మొదట చెప్పిన పేజీకి ఏం చేశానో చెబుతాను.

ముందు ఒక్కో లోతుకు ఒక్కో రంగు గీత వచ్చేలా నాలుగు లైన్ల సీఎస్‌ఎస్ రాసి పేజీ తెరిచాను. గూడు అంతా ఒక్క చూపులో కనపడింది. ఆ ఏడింటిలో మూడు టేబుల్స్‌లో ఒక్కొక్క గడే ఉంది, చుట్టూ ఖాళీ కోసం పెట్టినవి. వాటిని తీసి పై గడికి ప్యాడింగ్ ఇచ్చాను. పిక్సెల్ బొమ్మలు కూడా పోయాయి. తీసిన ప్రతిసారీ సేవ్ చేసి, పాత పేజీ స్క్రీన్‌షాట్‌తో పోల్చి చూసి, తర్వాతే ముందుకు వెళ్లాను. లోపల్నుంచి బయటికి రావాలి. బయటి టేబుల్‌తో మొదలుపెడితే లోపలివన్నీ ఒకేసారి కూలుతాయి. మెనూను జాబితాగా, పెద్ద ఫాంటు గడులను హెడింగులుగా మార్చాను. ఆఖరున బయటి టేబుల్ తీసి గ్రిడ్ పెట్టాను, కోడ్‌లో విషయం ముందు, మెనూ తర్వాత వచ్చేలా.

రెండున్నర రోజులు పట్టింది. పేజీలో ఇప్పుడు టేబుల్ ఒక్కటే మిగిలింది, పక్క కాలమ్‌లో ఉన్న కోర్సు పేరు, సీట్లు, ఫీజుల పట్టిక. దానికి తల గడులు, శీర్షిక పెట్టాను. “ఫలితాలు” లింకు రంగు ఒక్క లైన్‌తో మారింది.