‘తాగునీటికే’ అన్న మాట: నీటి పథకాల అనుమతుల గొడవ ఎక్కడ మలుపు తిరిగింది?

ముందు కట్టేసి, తర్వాత తీరిగ్గా పర్యావరణ అనుమతి తెచ్చుకోవడం ఇక కుదరదని సుప్రీంకోర్టు 2025 మే 16న తేల్చిచెప్పింది. ఆరు నెలలకు, నవంబరు 18న, 2-1 మెజారిటీతో ఆ తీర్పును తనే వెనక్కి తీసుకుంది. లేకపోతే దాదాపు రూ.20 వేల కోట్ల ప్రభుత్వ నిర్మాణాలు కూల్చాల్సి వస్తుందన్నది మెజారిటీ ఆందోళన. జనం కోసం కట్టే వాటికి, ముఖ్యంగా నీళ్ల పథకాలకు, అనుమతులు తేలిక చేయాలా అన్న పాత ప్రశ్న దీంతో మళ్లీ ముందుకొచ్చింది.

ఈ కథను పర్యావరణ అనుమతులపై కేంద్రం ఇచ్చిన 1994 నోటిఫికేషన్ నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. అదంతా చాలాసార్లు చెప్పుకున్నదే. మన రెండు రాష్ట్రాల వరకు చూస్తే గొడవంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతోంది: తాగునీరు.

దాని స్థానంలో వచ్చిన 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్‌లో, ముందస్తు పర్యావరణ అనుమతి కావాల్సిన ప్రాజెక్టుల జాబితాలో 1(సి) అనే పద్దు ఉంది. అది నదీలోయ ప్రాజెక్టులది. ఎంత పెద్దదైతే అనుమతి కావాలో చెప్పే గడిలో రెండే కొలతలు కనిపిస్తాయి: కరెంటుకు మెగావాట్లు, సాగుకు ఆయకట్టు హెక్టార్లు. తాగునీటి ఊసే లేదు. ఊళ్లో ట్యాంకు కట్టి పైపులైను వేయడానికి ఫైలు ఢిల్లీ దాకా తిరగాల్సిన పని లేదు, అది మంచిదే. నదిలోంచి టీఎంసీల కొద్దీ నీళ్లు తోడే పథకం కూడా అదే దారిన వెళ్లొచ్చా అన్నదే చిక్కు.

ఆ దారి పెద్ద ఎత్తున పరీక్షకు వచ్చింది కాళేశ్వరంతో. 2016 మే 2న శంకుస్థాపన జరిగింది. పర్యావరణ అనుమతి వచ్చింది 2017 డిసెంబరు 22న. మధ్యలో దాదాపు 20 నెలలు. 2017 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ పనులు ఆపమంది, హైకోర్టు ఆ ఆంక్షను ఎత్తేసింది. అనుమతికి ముందు చేసిన పనుల గురించి రాష్ట్రం చెప్పిన సమాధానం ఒక్కటే: ఇది ప్రధానంగా నీటి సరఫరా కోసం, సాగు అనుబంధం మాత్రమే.

ప్రాజెక్టు సొంత లెక్కలు మాత్రం వేరేలా ఉన్నాయి. మొత్తం 240 టీఎంసీల్లో హైదరాబాద్ తాగునీటికి 30, దారి పొడవునా ఊళ్లకు 10. సాగుకు 169. అంటే అనుబంధానికి అసలు కంటే నాలుగింతలకు పైగా నీళ్లు! ట్రిబ్యునల్ 2020 అక్టోబరు 20న ఈ వాదనను తోసిపుచ్చింది, ముందే తీసుకోవాల్సిన అనుమతిని పనులు మొదలయ్యాక తీసుకున్నారంది. అప్పటికి ప్రాజెక్టు ప్రారంభోత్సవం జరిగి ఏడాది దాటింది. జరిగిపోయినదాన్ని వెనక్కి తిప్పలేం కాబట్టి నష్టాన్ని అంచనా వేయడానికి నిపుణుల కమిటీ వేయమంది. తప్పని తేలింది, అయినా కట్టింది కట్టినట్టే ఉంది. నన్నడిగితే ఆ తర్వాతి గొడవలన్నిటికీ వేరు ఇక్కడే ఉంది.

సరిగ్గా తొమ్మిది రోజులకు ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ రాయలసీమ ఎత్తిపోతలను అనుమతి లేకుండా ముందుకు తీసుకెళ్లొద్దంది. కొత్త ఆయకట్టు లేదు, పాత కాలువలకే నీళ్లిస్తున్నాం అన్న ఏపీ మాట అక్కడ చెల్లలేదు. ఏడాది తిరిగేసరికి, 2021 అక్టోబరు 29న, అదే బెంచ్ పాలమూరు-రంగారెడ్డి పనులు ఆపింది. ఈసారి బోనులో ఉన్నది తెలంగాణ. రాయలసీమ కేసులో తెలంగాణ వినిపించిన అభ్యంతరాన్నే పాలమూరు కేసులో ఏపీ వినిపించింది. లాయర్లు ఫైళ్లు మార్చుకుంటే సరిపోయేది.

వలసల జిల్లా గొంతు తడపడానికి ముందు తాగునీరు, అనుమతి వచ్చాకే సాగునీరు అని తెలంగాణ చెప్పింది. జాతీయ జల విధానంలోనూ తాగునీటికే తొలి ప్రాధాన్యం కాబట్టి అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. కానీ 90 టీఎంసీల పథకంలో తాగునీటి వాటాగా చూపింది 7.15 టీఎంసీలు. జరుగుతున్న పనులు ఆ అవసరానికి మించినవని ట్రిబ్యునల్ భావించింది. 2022 డిసెంబరులో పాలమూరు, డిండి పథకాలపై కలిపి రూ.900 కోట్లకు పైగా జరిమానా వేసింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ జరిమానాపై స్టే ఇచ్చి, 7.15 టీఎంసీల వరకు తాగునీటి పనులు చేసుకోనిచ్చింది.

ఆ సెప్టెంబరు 16న నార్లాపూర్‌లో పాలమూరు పథకం తొలి మోటారు ఆన్ చేశారు. దాని సామర్థ్యం 145 మెగావాట్లు. అది ఎత్తిపోసే నీళ్లు బిందెకో మడికో మోటారును చూసి చెప్పలేం. ఇంజినీర్లు అనేదీ అదే: తాగునీటికో సొరంగం, సాగుకో సొరంగం తవ్వలేం కదా? నిజమే. అలాంటప్పుడు తాగునీటి పేరుతో విడిగా మినహాయింపు అడగడం కూడా కుదరదన్నది అవతలి వాదన.

మురుగునీటి శుద్ధి కేంద్రాలకు ఇంత రచ్చ లేదు. 1974 నాటి జల చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సీఎఫ్ఈ (కట్టడానికి సమ్మతి), సీఎఫ్ఓ (నడపడానికి సమ్మతి)లతో వాటి బండి నడుస్తుంది. అక్కడి కష్టాలు అక్కడివి.

తేలిక చేయాలనేవాళ్లు చూపించేది చిన్న ఊళ్ల పైపులైన్లను. కోర్టుల దాకా వచ్చినవి మాత్రం మెగా మోటార్లు. రెంటికీ నడుమ గీత ఎక్కడ పడాలో నోటిఫికేషన్ చెప్పదు. 1(సి) పక్కన ఉన్నవి మెగావాట్లు, హెక్టార్లు. టీఎంసీలకు అక్కడ గడి లేదు.