సింగి, సింగడు, హాజరు పట్టీ

నెల్లూరు పల్లెల్లో కుప్ప కాపలాకీ, పొలంలో ఎలుకలు పట్టడానికీ రైతులు యానాది తెగవాళ్లనే పిలిచేవాళ్లు. రాత్రంతా ధాన్యం దగ్గర కాపలా ఉంచేదీ వాళ్లనే, తెల్లారాక ఏదన్నా కనపడకపోతే ముందు నిలదీసేదీ వాళ్లనే. మన నాటకాలూ సినిమాలూ నిలదీయడాన్నే తలకెత్తుకున్నాయి. కాపలాని ఏ కథా పట్టించుకోలేదు.

ఇది ఇప్పటి జబ్బు కాదు. పాటలతో ఆడే పాత కురవంజి నాటకాల్లో సింగి అనే ఎరుకలసాని రాణివాసంలో దొరసానికి సోది చెప్పి, బహుమానంగా నగలు తెచ్చుకుంటుంది. వెతుక్కుంటూ వచ్చిన మొగుడు సింగడికి ఆ నగలేంటో తెలియదు. కాలికి పాములాగా చుట్టుకున్నదేమిటని అడుగుతాడు. కడియం అంటుంది. ఎవరిచ్చారంటాడు. ఒక్కో నగకీ ఇదే వరస. జనం పగలబడి నవ్వేవాళ్లు. ఆ నవ్వుకి రెండు అనుమానాలు ముడిసరుకు: మొగుడేమో లోకం తెలియని అడవిమనిషి, ఆడదేమో ఒళ్లమ్ముకుందో, కాజేసిందో. చెప్పిన సోదికి కూలి అనే మాట నాటకంలోనే ఉన్నా చూసేవాళ్లకి అందులో సరదా లేదు మరి.

వేదిక మీద నవ్వుకి పనికొచ్చిన ప్రశ్నే తర్వాత పోలీసుల నోటికొచ్చింది. 1909లో మద్రాసు మ్యూజియం నడిపిన బ్రిటిష్ అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. మనుషుల ముక్కులూ తలలూ కొలిచి జాతుల లెక్క తేల్చే పద్ధతి ఆయనది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఒక తెగని మొత్తంగా నేరస్థులని ప్రకటించవచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, హాజరు వేయించుకోవచ్చు. అనుమతి లేకుండా ఊరు దాటితే శిక్ష. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడిలో పెట్టే అధికారం కూడా అందులో ఉంది. దొంగతనం చేయని తల్లి కూడా బిడ్డని పోగొట్టుకోవచ్చన్నమాట. కావలి ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు ఇలాంటి తెగలవాళ్లని నిఘాలో ఉంచే సెటిల్‌మెంట్లు నడిపారు. బిట్రగుంట పక్కన కప్పరాళ్లతిప్ప వాటిలో ఒకటి.

ఈ చట్టం మీద గట్టిగా పోరాడినవాళ్లలో నెల్లూరు జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య ఒకరు. యానాదుల్ని సంఘంగా కూడగట్టారు, వాళ్ల జీవితం మీద 1962లో పుస్తకం రాశారు. 1947లో మద్రాసులో, 1952లో దేశమంతటా చట్టం రద్దయింది. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి గాని, అదో పెద్ద కథ.

సినిమా మాత్రం పాత దారిలోనే పోయింది. చెంచులక్ష్మి కథ 1943లో ఒకసారి, 1958లో మళ్లీ తెరకెక్కింది. దేవుణ్ణి పెళ్లాడింది కాబట్టి చెంచుపిల్లకి గౌరవం దక్కింది, దోర్నాల, ఎర్రగొండపాలెం అడవుల్లో తేనె తీసే చెంచు ఆడవాళ్ల బతుకు మాత్రం ఆ కథకి అక్కర్లేకపోయింది. కామెడీ ట్రాకులో సోదమ్మ వచ్చిందంటే ఆమె యాస మీద ఒక జోకు, నడుము మీద ఒక షాటు. కులం పేరుతో నలుగురిలో తిడితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టొచ్చు. పేరెత్తకుండా వేషంతో, యాసతో చేసే ఎగతాళిని ఆ చట్టంతో పట్టుకోవడం కష్టం, రాసేవాళ్లకి ఆ సంగతి బాగానే తెలుసు.