నాలుగు పేజీల సైట్‌కి రియాక్ట్ ఎందుకు?

"సార్, చిన్న సైటే. నెక్స్ట్ జేఎస్‌లో చేయమంటారా, యాంగ్యులర్‌లోనా?" కొత్తగా పనిలో చేరిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఈ రెండూ, నెక్స్ట్‌కి ఆధారమైన రియాక్టూ బ్రౌజర్ భాష జావాస్క్రిప్ట్‌లో ముందే రాసిపెట్టిన కోడ్. వీటినే ఫ్రేమ్‌వర్క్‌లు అంటున్నాం. సైట్‌లో ఏముంటుందంటే నాలుగు పేజీలు, ఒక ఎంక్వైరీ ఫారం.

అపోహ: ఈ రోజుల్లో ఫ్రేమ్‌వర్క్ లేకుండా సైట్ చేయలేం.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇది. 2013లో ఫేస్‌బుక్ బయటికి వదిలిన రియాక్ట్ వాళ్ల అవసరం కోసం పుట్టింది. లైకులు, చాట్, నోటిఫికేషన్లు ఒకే స్క్రీన్ మీద క్షణక్షణం మారే చోట అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కోచింగ్ సెంటర్ ఫీజుల పేజీ ఏడాదికోసారి మారుతుంది. దానికి పేజీ రాసే హెచ్‌టీఎంఎల్, రూపం దిద్దే సీఎస్ఎస్ కాస్త చాలు. ఫారంలో ఈమెయిల్ సరిచూడటానికి కూడా లైబ్రరీలు (రెడీమేడ్ కోడ్) వెతుకుతారు. ఇన్‌పుట్‌కి టైప్ ఈమెయిల్ అని పెట్టి, రిక్వైర్డ్ అని చేరిస్తే తప్పు రూపంలో ఉన్న ఈమెయిల్‌ని బ్రౌజరే ఆపుతుంది. సర్వర్‌లో మళ్లీ చెక్ చేయడం ఏది వాడినా తప్పదు. పాపప్‌కి డైలాగ్ ట్యాగ్ 2022 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింటిలోనూ ఉంది.

ఆమధ్య ఒక ఎరువుల డీలర్ వచ్చాడు. సైట్‌లో ఫోన్ నంబర్ మార్చాలి, అంతే. చేసిన కుర్రాడు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. సైట్‌కి కావలసిన ప్యాకేజీలు దించే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కమాండ్ కొడితే స్క్రీన్ నిండా ఎర్రర్లు. ఒక ప్యాకేజీ అడిగే వెర్షన్ ఇంకోదానికి పడదు, వాటిని నడిపే నోడ్‌లో పాత వెర్షన్‌కి వెళ్తే మరోటి మొరాయిస్తుంది. ఒక్క నంబర్ కోసం ఇదంతా! చివరికి పేజీలన్నీ మామూలు హెచ్‌టీఎంఎల్‌లో మళ్లీ రాసి, ఫారానికి సర్వర్‌లో నడిచే ఒక పీహెచ్‌పీ ఫైల్ పెట్టి ఇచ్చాను. ఇప్పుడు ఏదైనా మారితే ఆయన కొడుకే ఫైల్ తెరిచి మార్చుకుంటున్నాడు. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. ఇంకో దారి ఉందని అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

అపోహ: పేజీ రీలోడ్ కాకూడదంటే రియాక్టే గతి.

వాస్తవం: సర్వర్ వైపు జాంగో, లారవెల్ ఏ ఫ్రేమ్‌వర్క్ ఉన్నా సరే, హెచ్‌టీఎంఎక్స్ అనే చిన్న లైబ్రరీని ఒక్క స్క్రిప్ట్ ట్యాగ్‌తో కలుపుకోండి. కావలసిన ముక్క మాత్రమే మారుతుంది. బిల్డ్ స్టెప్ లేదు, అంటే రాసిన కోడ్‌ని ముందు వేరే రూపంలోకి మార్చక్కర్లేదు.

అపోహ: పీహెచ్‌పీ పని అయిపోయింది.

వాస్తవం: వికీపీడియా, వర్డ్‌ప్రెస్ నడిచేది దాని మీదే. ఈ పుకారు ఇక ఆపండి.

అపోహ: రియాక్ట్ రాకపోతే ఉద్యోగం రాదు.

వాస్తవం: అమీర్‌పేటలో అప్పు చేసి ఫీజు కట్టే పిల్లల టెన్షన్ నాకు తెలుసు. చాలా ఇంటర్వ్యూల్లో రియాక్ట్ అడుగుతారు, నేర్చుకోండి. కానీ ముందు జావాస్క్రిప్ట్ రావాలి. యాంగ్యులర్ మొదటి రూపమైన యాంగ్యులర్‌జేఎస్ ఒక్కటే నమ్ముకున్నవాళ్లకి 2016లో యాంగ్యులర్ 2 వచ్చేసరికి మళ్లీ మొదటికొచ్చింది. 2021 చివరితో పాతదానికి గూగుల్ సపోర్ట్ కూడా ఆగిపోయింది. ఆ రోజుల్లో రాసిన మామూలు జావాస్క్రిప్ట్ ఇప్పటికీ నడుస్తోంది. నా దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లకి నేనిచ్చే పని ఒకటే: బటన్ నొక్కితే, బ్రౌజర్‌లోనే ఉండే ఫెచ్‌తో సర్వర్ నుంచి డేటా తెచ్చి టేబుల్‌లో చూపించాలి, ఏ లైబ్రరీ లేకుండా. అది చేసి చూపించినవాళ్లని రియాక్ట్ ప్రాజెక్టులోకి కూడా ధైర్యంగా తీసుకుంటున్నాను.