నూనె జల్లెడలో ఇనుప రజను

రేసు విమానం దిగి ప్రొపెల్లర్ ఆగగానే మెకానిక్కులు దాని ముక్కు కిందికి చేరతారు. ఇంజిన్ ఇంకా సలసల కాగుతుంటుంది. చెయ్యి కాలకుండా చూసుకుంటూ రేకులు విప్పి, ఆయిల్ జల్లెడను బయటికి తీసి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూస్తారు. అందులో నూనె తప్ప ఇంకేమీ లేకపోతే రేపటి పందేనికి విమానం సిద్ధమైనట్టే. వెండిలా మెరిసే సన్నని రజను కనిపిస్తే మాత్రం ముఖాలు మారిపోతాయి. అయస్కాంతం దగ్గరికి తెస్తారు. రజను అంటుకుంటే అది ఉక్కు: లోపల ఏ గేరో, ఏ షాఫ్టో అరుగుతోంది. అంటుకోకపోతే బేరింగు పూతైనా అయివుండాలి, అల్యూమినియం పిస్టనైనా అయివుండాలి. తునకలే తేలాయంటే ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. ఫ్లడ్‌లైట్లు వెలిగించి, జనరేటర్ రొదలో ఆ ఇంజిన్ దించి, తెల్లారేలోగా ఇంకొకటి ఎక్కించాలి.

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో రీనో నగరానికి ఉత్తరాన స్టెడ్ అనే విమానాశ్రయం ఉంది. సముద్ర మట్టానికి 1,539 మీటర్ల ఎత్తున, ఎండిన పొదలు తప్ప పెద్దగా ఏమీ మొలవని నేల అది. 1966 నుంచి 2023 దాకా దాదాపు ప్రతి సెప్టెంబరులో అక్కడ విమానాల పందేలు జరిగాయి. వాటిలో పెద్ద తరగతి ‘అన్‌లిమిటెడ్’. జెట్లకు అందులో చోటు లేదు, పిస్టన్ ఇంజిన్లకే. అంటే, ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్లు: మస్టాంగ్, బేర్‌క్యాట్, సీ ఫ్యూరీ. పొడవాటి స్తంభాలు పాతి, తలల మీద డ్రమ్ములు బిగిస్తారు. విమానాలు ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ ఆ స్తంభాల బయటి నుంచి చుట్లు కొట్టాలి. ఒక్కో చుట్టు సుమారు 13 కిలోమీటర్లు, ఫైనల్‌కు ఎనిమిది చుట్లు. గంటకు 770 కిలోమీటర్ల వేగంతో లెక్కేస్తే పందెం మొత్తం ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది. ఆ ఎనిమిది నిమిషాల కోసం ఏడాదంతా పనిచేసేవాళ్లలో చాలామందికి జీతం లేదు. ఉద్యోగాలకు సెలవు పెట్టుకుని వచ్చి చేతులు నల్లబరుచుకునే మనుషులు వాళ్లు.

ఈ పిచ్చి మొదలైంది యుద్ధం ముగిసిన రోజుల్లో. ప్రభుత్వం దగ్గర వేల కొద్దీ ఫైటర్లు మిగిలిపోయాయి. తుక్కు చేయడం కన్నా అమ్మడం మేలనుకుంది. లాక్‌హీడ్ విమానాల కంపెనీ టెస్ట్ పైలట్ టోనీ లెవియర్ రెండు ఇంజిన్ల పీ-38 ఫైటర్‌ను 1,250 డాలర్లకు కొని, 1946లో క్లీవ్‌లాండ్‌లో థాంప్సన్ ట్రోఫీ పందెంలో రెండో స్థానంలో నిలిచాడు. ఏళ్ల తరబడి మేధావులు బుర్రలు బద్దలుకొట్టుకుని తయారుచేసిన యంత్రం మామూలు మనిషికి అందుబాటులోకి వచ్చింది. కానీ క్లీవ్‌లాండ్ పందేలు ఊరి ఇళ్ల మీదుగా సాగేవి. 1949లో బిల్ ఓడమ్ నడిపిన ‘బెగిన్’ మస్టాంగ్ ఒక ఇంటి మీద కూలి ఆయనా, ఇంట్లో ఉన్న తల్లీ, పసిబిడ్డా చనిపోయారు. పెద్ద విమానాల పందేలు అంతటితో ఆగిపోయాయి. 1964లో నెవాడా పశువుల రైతు బిల్ స్టెడ్ వాటిని రీనో దగ్గరి ఎడారిలో మళ్లీ మొదలుపెట్టాడు. కింద ఇళ్లు లేని చోటు కావడమే ఆ ఎడారి గొప్ప.

ఇక అసలు చిక్కు. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం పది శాతం పెంచాలంటే శక్తి 33 శాతం పెంచాలి. మామూలు పీ-51డీ మస్టాంగ్ అత్యధిక వేగం గంటకు 703 కిలోమీటర్లు. అదీ ఏడున్నర కిలోమీటర్ల ఎత్తున, పల్చటి గాలిలో. రీనోలో నేలకు అంటుకుపోయినట్టు ఎగురుతూ, చిక్కటి గాలిలో అంతకన్నా వేగంగా పోవాల్సి వచ్చేది. అందుకే సిబ్బంది రెక్కల చివర్లు కత్తిరిస్తారు. పైలట్ తలమీది గాజు గుమ్మటాన్ని తల పట్టేంత మేరకు కుదిస్తారు. రేకుల అతుకులన్నీ పూడ్చి, రోజుల తరబడి సాండ్‌పేపర్ పడతారు. పందెం పొద్దున కూడా కీలు దగ్గరి సందుల మీద టేపు అంటిస్తూ కనిపిస్తారు. ఇదంతా చేసినా మిగిలే లోటును ఇంజిన్ పూడ్చాలి.

మస్టాంగ్ ఇంజిన్ మెర్లిన్. పన్నెండు సిలిండర్లు, 27 లీటర్లు. నిజాం విరాళాల గుర్తుగా హైదరాబాద్ పేరు పెట్టుకున్న బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్ 1940లో నడిపిన స్పిట్‌ఫైర్లలోనూ ఉన్నది మెర్లినే. యుద్ధంలో, ప్రాణాపాయం వస్తే తప్ప వాడకూడదన్న హద్దు దగ్గర, మస్టాంగ్ మెర్లిన్ లోపలికి గాలిని 67 అంగుళాల పాదరసం పీడనంతో తీసుకునేది. రీనోలో దాన్ని 130 అంగుళాలు దాటించేవారు. నిమిషానికి 3,000 తిరుగుళ్ల బదులు 3,400, ఇంకా పైన. సుమారు 1,500 హార్స్‌పవర్ ఇంజిన్ నుంచి 3,000కు పైగా పిండేవారు. తిరుగుడు 3,000 నుంచి 3,400కు పెరిగితే పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్‌ను లాగే బలం 28 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది కూడా వర్గంతోనే పెరుగుతుంది. పాత రాడ్లు దానికి ఆగవు. అందుకని అలిసన్ ఇంజిన్ రాడ్లు తెచ్చి మెర్లిన్‌లో బిగించడం నేర్చుకున్నారు. ఈ సంగతి నాకు భలే నచ్చుతుంది: మస్టాంగ్‌లో మొదట ఉన్నది అలిసన్ ఇంజినే. మెర్లిన్ వచ్చి దాన్ని గెంటేసింది. గెంటేసిన ఇంజిన్ ఎముకలే ఇప్పుడు మెర్లిన్‌ను నిలబెడుతున్నాయి. సిలిండర్ హెడ్లేమో యుద్ధం తర్వాత ప్రయాణికుల విమానాల కోసం చేసిన మెర్లిన్లవి. రోజూ గంటల కొద్దీ తిరగడానికి చేసినవి కాబట్టి అవి దృఢంగా ఉంటాయి. ఏ ఇంజిన్ నుంచి ఏ ముక్క తియ్యాలో తెలిసిన డ్వైట్ థార్న్ లాంటి ఇంజిన్ నిపుణుల పేర్లు ప్రేక్షకులకు తెలియవు. పైలట్లకు మాత్రం బాగా తెలుసు.

అంత పీడనంలో పొంచి ఉండే శత్రువు నాకింగ్. మన బండి ఇంజిన్‌లో వినిపించే టకటకే, కాకపోతే ఇక్కడ ప్రాణాంతకం. ప్లగ్గు వెలిగించిన మంట సిలిండర్ అంతటా పాకేలోగా, మూలన మిగిలిన పెట్రోలు ఆవిరి వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తాను పేలుతుంది. పిస్టన్‌కు చిల్లు పడుతుంది. దీనికి విరుగుడు నీళ్లు. సగం నీళ్లు, సగం మిథనాల్ కలిపి లోపలికి వెళ్లే గాలిలో చిమ్ముతారు. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి 2,257 కిలోజౌళ్ల వేడిని లాక్కుంటుంది. మట్టికూజాలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. రేడియేటర్ల మీదా నీళ్లు చల్లుతారు, అందుకే కొన్ని మస్టాంగుల వెనక తెల్లటి ఆవిరి చార కనిపిస్తుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండగా ఇంజిన్‌లోకి వెళ్లే ధార ఆగిందో, కొన్ని క్షణాల్లో ఇంజిన్ ముక్కలవుతుంది.

ఈ నీటి లెక్కల్లో ఆరితేరిన మనిషి పీట్ లా. లాక్‌హీడ్ వారి స్కంక్ వర్క్స్‌లో ఉష్ణశాస్త్ర ఇంజినీరు. ఎస్‌ఆర్-71 లాంటి నిఘా విమానాలు తయారైన చోటు అది. అక్కడే పనిచేసే బ్రూస్ బోలండ్ గాలి ప్రవాహాల నిపుణుడు. వాళ్ల సహోద్యోగి, టెస్ట్ పైలట్ డారిల్ గ్రీనమాయర్ ఒక బేర్‌క్యాట్ కొన్నాడు. 1969 ఆగస్టు 16న దానితో గంటకు 483 మైళ్లు, అంటే సుమారు 777 కిలోమీటర్లు అందుకుని, 1939లో ఒక జర్మన్ విమానం నెలకొల్పిన పిస్టన్ విమానాల వేగం రికార్డును ముప్పై ఏళ్ల తర్వాత బద్దలుకొట్టాడు. పగలు ధ్వనికి మూడు రెట్ల వేగంతో పోయే విమానాల పని, సాయంత్రం పాత ఫైటర్‌కు మెరుగులు. లా ఆ తర్వాత ఒక్క జట్టుకే పరిమితం కాలేదు. పక్కపక్క టెంట్లలో ఒకరినొకరు ఓడించాలని చూస్తున్న జట్లు రెంటికీ ఆయన లెక్కలే పనిచేసేవి. రేపు ఓడించబోయేవాడికి ఈ రాత్రి స్పేర్ పార్టు ఇచ్చే ఆనవాయితీ ఆ మైదానంలో ఉండేది. ఈ క్రీడలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసేది అదే.

సిలిండర్లను చక్రంలా చుట్టూ పేర్చిన గుండ్రటి ఇంజిన్ల వాళ్లది ఇంకో లోకం. లైల్ షెల్టన్ 1969లో ఇండియానాలో పాడుబడి ఉన్న బేర్‌క్యాట్ శిథిలాన్ని కొన్నాడు. దానికి ఉండాల్సిన 46 లీటర్ల ఇంజిన్ బదులు 55 లీటర్ల ఆర్-3350ని ఎక్కించారు. అదే ‘రేర్ బేర్’. 1989 ఆగస్టు 21న న్యూ మెక్సికోలో షెల్టన్ దాన్ని గంటకు 850 కిలోమీటర్లతో నడిపాడు. శాండర్స్ కుటుంబం బర్మా వాయుసేన వాడి వదిలేసిన సీ ఫ్యూరీని తెచ్చి, 28 సిలిండర్ల, 71 లీటర్ల ఇంజిన్ పెట్టి ‘డ్రెడ్‌నాట్’ అని పేరు పెట్టింది. అది 1983లోనూ 1986లోనూ గెలిచింది. సిలిండర్‌కు రెండు చొప్పున 56 స్పార్క్ ప్లగ్గులు. ప్లగ్గులు మార్చడమంటే ఒక పూట పని. తీసిన ప్లగ్గులను ట్రేలో సిలిండర్ల వరసలో పేర్చి, ఒక్కోదాని రంగూ చూస్తారు. మూతి మీద మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. పింగాణీ మీద అల్యూమినియం చుక్కలు మిలమిలలాడితే ఆ సిలిండర్‌లో పిస్టన్ కరగడం మొదలైంది. పాతకాలపు సిబ్బంది కబుర్లు వింటే గెలిచిన కప్పుల కన్నా ఇలాంటి ట్రేలూ, ఇలాంటి రాత్రులే ఎక్కువ.

కాక్‌పిట్‌లో వేడి, రొద, నూనె వాసన. స్తంభం దగ్గర రెక్కలు 75 డిగ్రీలు వాలితే పైలట్ బరువు నాలుగింతలు. తలలో రక్తం కిందికి జారుతుంది, చూపు అంచులు మసకబారతాయి. ఆరంభం గాల్లోనే. ఏళ్ల తరబడి పైలట్ బాబ్ హూవర్ తన పసుపు మస్టాంగ్‌లో పోటీదారులను వరసలో తీసుకొచ్చి, ‘జెంటిల్మెన్, యు హావ్ ఎ రేస్’ అని రేడియోలో చెప్పి పైకి తప్పుకునేవాడు. తప్పుకుని ఊరికే ఉండేవాడు కాదు. ఎవరి ఇంజిన్ పేలినా పక్కకు చేరి, గొంతు పెంచకుండా, ఎత్తు ఎంతుందో, రన్‌వే ఎటుందో చెబుతూ దించేవాడు. యుద్ధఖైదీగా ఉండి జర్మన్ల విమానాన్నే దొంగిలించి తప్పించుకున్న మనిషి పక్కన ఉంటే ఎవరికైనా ధైర్యం వస్తుంది.

ఇంజిన్ పోయి, రేడియోలో ‘మేడే’ అని ఆపద పిలుపు ఇవ్వగానే పైలట్ చేసేది ముక్కు పైకెత్తడం. వేగమే అప్పుడు అతని ఆస్తి. గంటకు 770 కిలోమీటర్ల వేగంలో ఉన్న చలనశక్తినంతా ఎత్తుగా మార్చుకోగలిగితే లెక్క ప్రకారం రెండు కిలోమీటర్ల పైన లేవొచ్చు. గాలి నిరోధం కొంత తినేసినా, రన్‌వే వెతుక్కోవడానికి సరిపడా ఎత్తు దొరుకుతుంది. స్టీవ్ హింటన్‌కు 1979లో ఆ వెసులుబాటు దక్కలేదు. ఆగస్టులో ‘రెడ్ బారన్’ అనే మస్టాంగ్‌తో గంటకు 499 మైళ్ల రికార్డు సాధించాడు. సెప్టెంబరులో రీనోలో ఇంజిన్ పోయింది. ఎదురెదురు దిశల్లో తిరిగే ప్రొపెల్లర్లకు నూనె ఒత్తిడి అందక బ్లేడ్లు గాలికి అడ్డం తిరిగాయి. విమానం రాళ్లలో కూలి ముక్కలైంది. ఎముకలు విరిగినా ఆయన బతికాడు. తర్వాత హూవర్ పాత్రను, ఆ పిలుపుతో సహా, ఆయనే తీసుకున్నాడు. ఆయన కొడుకు 2017లో ఐడహోలో ‘వూడూ’ మస్టాంగ్‌ను గంటకు 855 కిలోమీటర్లతో నడిపాడు.

అదే వూడూ 1998లో మోటోక్రాస్ చాంపియన్ బాబ్ హన్నా చేతిలో ఉంది. తోక దగ్గర, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్‌కు ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న రెక్క ఉంటుంది. అంత వేగంలో విమానం తనంతట తాను పైకి లేవాలని చూస్తుంటే దాన్ని అదుపులో ఉంచేది అదే. ఎడమ వైపు ట్యాబ్ ఊడిపోయింది. విమానం ఒక్కసారిగా పైకి లేచింది. పది జీల, అంటే ఒంటి బరువుకు పది రెట్ల, దెబ్బకు హన్నాకు స్పృహ తప్పింది. తెలివొచ్చేసరికి తొమ్మిది వేల అడుగుల ఎత్తున ఉన్నాడు. క్షేమంగా దిగాడు.

2011 సెప్టెంబరు 16న ‘గాలపింగ్ గోస్ట్’ మస్టాంగ్‌లో జిమ్మీ లీవర్డ్‌కు ఆ అదృష్టం లేకపోయింది. ఎడమ ట్రిమ్ ట్యాబ్ కంపించి విరిగింది. 17 జీలకు పైగా బలం పడి ఆయన క్షణంలో స్పృహ కోల్పోయాడు. విమానం ప్రేక్షకులు ఉన్న చోటే పడింది. ఆయనతో కలిపి 11 మంది మరణించారు. అమెరికా రవాణా భద్రతా బోర్డు చివరికి వేలు చూపింది ట్యాబ్ స్క్రూలను పట్టి ఉంచే లాక్‌నట్ల వైపు. వాటిలో పట్టు కోసం ఉండే లోపలి రింగు పాతబడి అరిగిపోయింది. స్క్రూలు వదులయ్యాయి. ఒకదానికి పగులు కూడా ఉంది. పరీక్షించకుండా చేసిన మార్పులు దానికి తోడయ్యాయి. మూడు వేల హార్స్‌పవర్ ఇంజిన్ గురించి సంవత్సరాలు ఆలోచించినవాళ్లు కూడా వేలిగోరంత నట్టు దగ్గర ఓడిపోవచ్చు. ఆ తర్వాత ఎన్ని హ్యాంగర్లలో ఎంతమంది మెకానిక్కులు పాత నట్లన్నీ చెత్తబుట్టలో వేసి కొత్తవి బిగించి ఉంటారో ఊహించగలను.

2023తో రీనోలో పందేలు ముగిశాయి. చుట్టూ ఇళ్లు పెరగడం, బీమా ఖర్చులు దానికి కారణాలు. 2025 సెప్టెంబరులో అవి న్యూ మెక్సికోలోని రాస్‌వెల్‌కు చేరాయి. అక్కడి నేల ఎత్తు 1,119 మీటర్లే, రీనో కన్నా 420 మీటర్లు తక్కువ. గాలి నాలుగైదు శాతం చిక్కన. రెక్కలకు పట్టు పెరుగుతుంది, నిరోధమూ పెరుగుతుంది, ఇంజిన్‌లోకి గాలిని కుక్కే సూపర్‌చార్జర్ పని కాస్త తేలికవుతుంది. రీనో గాలికి కుదిరిన నీళ్ల ధార, పెట్రోలు పాలు, ప్రొపెల్లర్ కోణం ఇక్కడ మళ్లీ మొదటి నుంచి లెక్కకట్టుకోవాలి.