బొమ్మ చూసి గేమ్ కొనకండి: కన్సోల్ గేముల మీద అపోహలు - వాస్తవాలు

దసరా సెలవులు దగ్గరపడితే నల్గొండ క్లాక్ టవర్ దగ్గర మా షాపులో అందరూ అడిగే మాట ఒకటే: "అన్నా, ఈ సీజన్ల మంచి గేమ్ ఏది?" నేను తిరిగి మూడు అడుగుతా. ఎవరు ఆడతారు? ఏ కన్సోల్, అంటే టీవీకి తగిలించే గేమ్ మెషిన్ ఏది? ఇంట్లో నెట్ ఎట్లుంది? పేరు చెప్పమంటే ఇంటర్వ్యూ చేస్తున్నాడేంది అని కొందరు మొహం చిట్లిస్తారు. ఆ మూడూ తెలుసుకోకుండా పేరు చెప్తే మాత్రం పది రోజుల్లో అదే డిస్క్ "సెకండ్ హ్యాండ్‌కు తీసుకుంటవా అన్నా" అంటూ మళ్లీ నా కౌంటర్ మీదికే వస్తుంది.

అమెరికా, యూరప్‌లలో క్రిస్మస్ కొనుగోళ్లను దృష్టిలో పెట్టుకుని కంపెనీలు పెద్ద గేముల్లో చాలావాటిని సెప్టెంబర్ నుంచి డిసెంబర్ లోపే దింపుతాయి. మన దగ్గర సంక్రాంతికి సినిమాలు పోటీపడ్డట్టే. ఈ మధ్యకాలంలో అట్లా కిక్కిరిసిపోయిన సీజన్ 2023. సెప్టెంబర్ 6న మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్‌లో స్టార్‌ఫీల్డ్, అదే రోజు సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5)లో బాల్డర్స్ గేట్ 3. 19న మోర్టల్ కాంబాట్ 1, లైస్ ఆఫ్ పీ. 26న సైబర్‌పంక్ ఫాంటమ్ లిబర్టీ. అక్టోబర్ 5న క్రికెట్ 24. ఇక్కడ ఎంగిలిపూలకూ సద్దుల బతుకమ్మకూ మధ్యన, అక్టోబర్ 20న, స్పైడర్‌మ్యాన్ 2, సూపర్ మారియో బ్రదర్స్ వండర్ రెండూ ఒకే రోజు. 27న అలన్ వేక్ 2. అప్పటి గోలంతా సద్దుమణిగింది కాబట్టి వాటిలో ఏవి నిలబడ్డాయో ఇప్పుడు నిబ్బరంగా చెప్పొచ్చు. పైగా ధరలూ దిగాయి.

అపోహ: ఇంకో కంట్రోలర్ కొంటే ఏ గేమైనా ఇద్దరు ఆడొచ్చు.

మా షాపులో ఎక్కువ డబ్బులు వృథా అయ్యేది దీని దగ్గరే. స్పైడర్‌మ్యాన్ 2 డబ్బా మీద ఇద్దరు స్పైడర్‌మ్యాన్‌లు పక్కపక్కనే ఉంటారు, పీటర్ ఒకడు, మైల్స్ ఒకడు. అది చూసి అన్నదమ్ములకు కలిసొస్తుందని తల్లిదండ్రులు రెండో కంట్రోలర్ కూడా కట్టించుకుని పోతారు. అసలు సంగతేమిటంటే ఆ గేమ్ ఒక్కరే ఆడాలి. కాసేపు పీటర్‌గా, కాసేపు మైల్స్‌గా ఆడేది ఆ ఒక్కరే. రెండో కంట్రోలర్‌కు అందులో పనే లేదు.

గేమ్‌గా మాత్రం అది బంగారం. చేతుల కింద రెక్కలు విప్పి న్యూయార్క్ మీద తేలిపోతుంటే, మ్యాప్‌లో ఎక్కడ నొక్కితే అక్కడికి కన్ను మూసి తెరిచేలోపు చేరిపోతుంటే, పీఎస్5లో వేగం అంటే ఏమిటో తెలుస్తుంది. కథ ఇరవై గంటల లోపే అయిపోతుంది. పరీక్షలున్న పిల్లలకు అదీ మంచిదే.

ఇద్దరు ఆడాలంటే నేను మొదట చెప్పే పేరు ఆ సీజన్‌ది కాదు, 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ. స్వీడన్‌కు చెందిన హేజ్‌లైట్ వాళ్లు చేశారు. అందులో ఒక్కరు ఆడే దారే పెట్టలేదు. విడిపోదామనుకున్న మొగుడూ పెళ్లాలు చిన్న బొమ్మలైపోతారు. ఒక అంకంలో ఆయన చేతికి మేకులు, ఆమె చేతికి సుత్తి వస్తాయి. ఆయన గోడకు మేకు విసిరి గుచ్చితే, ఆమె దానికి సుత్తి తగిలించి ఊగుతూ అవతలికి దూకాలి. ఆయన మేకు ఒక్క క్షణం ముందు వెనక్కి పిలిచాడా, ఆమె కింద పడుతుంది. ఇక సోఫా మీద అసలు పంచాయితీ మొదలు! ఒకరు కొంటే చాలు, ఇంకో ఊళ్లో ఉన్న స్నేహితుడు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా కలవొచ్చు. మిర్యాలగూడలో ఒకరు, హైదరాబాద్ హాస్టల్‌లో ఒకరు ఉండి ఇట్లా ఆడేవాళ్లు నాకు తెలుసు. ఆ కంపెనీదే స్ప్లిట్ ఫిక్షన్ 2025 మార్చిలో వచ్చింది, అదీ ఇదే పద్ధతి.

డబ్బా వెనక ఎంతమంది ఆడొచ్చో రాసి ఉంటుంది. బిల్లు కట్టేముందు ఆ ఒక్క ముక్క చూడండి.

అపోహ: వచ్చిన రోజే కొనాలి, లేకపోతే మజా ఉండదు.

సైబర్‌పంక్ 2077 గుర్తుందా? 2020 డిసెంబర్ 10న వచ్చింది. పీఎస్5కు ముందటి పీఎస్4లో అది నడిచిన తీరు ఎంత అధ్వానమంటే, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్‌లోంచి తీసేసి డబ్బులు వాపసిచ్చింది. మళ్లీ స్టోర్‌లోకి వచ్చింది 2021 జూన్‌లో. అదే గేమ్ 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్, ఫాంటమ్ లిబర్టీ అదనపు భాగం వచ్చాక చూస్తే ఇది అదేనా అనిపించింది. మొదటి రోజు కొన్నవాడికి పూర్తి ధరకు సగం ఉడికిన గేమ్ దొరికింది. మూడేళ్లు ఆగినవాడికి తక్కువ డబ్బుకు పూర్తి గేమ్ దొరికింది. ఫాంటమ్ లిబర్టీ పీఎస్4లో రాదు, అది మాత్రం చూసుకోండి.

ఫుట్‌బాల్ గేమ్ ఏటా కొత్తది వస్తుంది, అది ఆడేవాళ్ల సంగతి వేరు. అందరూ కొత్తదానికి మారిపోతే పాతదాంట్లో ఆన్‌లైన్ పోటీకి మనుషులు తగ్గిపోతారు. 2023 నుంచి దాని పేరు ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ అయినా మన దగ్గర ఇంకా "కొత్త ఫిఫా" అనే అడుగుతారు. ఆన్‌లైన్ జోలికి పోకుండా ఇంట్లో దోస్తులతో ఆడుకునేవాళ్లకు నిరుటిది బ్రహ్మాండంగా సరిపోతుంది.

అపోహ: ఎక్కువ ప్రచారం జరిగిందే గొప్ప గేమ్.

స్టార్‌ఫీల్డ్‌లో వెయ్యికి పైగా గ్రహాలున్నాయని ఊదరగొట్టారు. ఉన్నాయి, నిజమే. దిగి చూస్తే చాలావాటిలో రాళ్లు, మధ్యమధ్య అవే కట్టడాలు. నా లిస్టులో దానికి చోటు లేదు. నెలనెలా చందా కట్టి ఆడే ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ ఉంటే ఒకసారి చూడండి, విడిగా డబ్బు పెట్టొద్దు.

అదే రోజు పీఎస్5లోకి వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్‌గా నిలిచింది. బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ పని. ఇందులో తాళం తీయాలన్నా, కాపలావాణ్ణి మాటలతో బుట్టలో వేసుకోవాలన్నా తెర మీద ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. కావాల్సింది పదిహేను, పడింది పన్నెండు. మీ మనిషికి ఉన్న నేర్పు రెండు కలుపుతుంది, ఇంకా ఒకటి తక్కువ. అంతే, తాళం రాదు. ఇక తలుపు పగలగొడతారా, కిటికీ వెతుకుతారా, లోపలివాడితో బేరం పెడతారా, మీ ఇష్టం. ఓడిపోయినా కథ ఆగదు, ఇంకో దారి పడుతుంది. దీనికి సాటి వచ్చే గేములు బహు తక్కువ. పీఎస్5లో తెరను రెండుగా చీల్చుకుని ఇద్దరు ఆడొచ్చు.

అయితే అందరికీ అమ్మను. వంతుల వారీ యుద్ధం, చదవాల్సిన ఇంగ్లిష్ బోలెడు. ఓపిక లేనివాళ్లకు మొదటి రెండు గంటల్లోనే తలనొప్పి. హింస, శృంగారం రెండూ ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లకే.

అపోహ: ఇంగ్లిష్ బాగా రాకపోతే కన్సోల్ గేములు ఆడలేం.

ఆస్ట్రో బాట్ పెట్టి కంట్రోలర్ చేతికివ్వండి, ఒక్క ముక్క చదవాల్సిన పని లేదు. 2024 సెప్టెంబర్ 6న వచ్చి ఆ ఏడాది ఉత్తమ గేమ్ అవార్డు కొట్టేసింది. దారి తప్పిన 300 చిన్న రోబోలను వెతికి కాపాడాలి. ఇసుక మీద నడిస్తే చేతిలో గరగర, ఇనుప రేకు మీద టకటక, వాన పడితే సన్నటి చినుకులు. పీఎస్5 కంట్రోలర్‌ను ఇంత బాగా వాడుకున్న గేమ్ నేను చూడలేదు. దీనికి తమ్ముడి లాంటి ఆస్ట్రోస్ ప్లేరూమ్ ప్రతి పీఎస్5లోనూ ఉచితంగానే వస్తుంది. కన్సోల్ కొని ఏళ్లు గడిచినా దాన్ని తెరవనివాళ్లు ఎంతమందో! ముందు అది ఆడండి, నచ్చితే పెద్దది కొనండి.

మారియో వండర్ కూడా ఇంతే, భాషతో పని లేదు. అంకం మధ్యలో ఒక వింత పువ్వు ముట్టుకుంటే అప్పటిదాకా కదలని పైపులు గొంగళిపురుగుల్లా పాకుతాయి, కొరికే మొక్కలు లేచి పాటందుకుంటాయి. నలుగురు కలిసి ఆడొచ్చు. చిక్కేమిటంటే ఈ గేమ్ నడిచే స్విచ్ కన్సోల్‌ను నింటెండో కంపెనీ మన దేశంలో అధికారికంగా అమ్మలేదు. ఇక్కడ దొరికేవి బయటి నుంచి తెప్పించినవి. కాబట్టి వారంటీ సంగతి అమ్మేవాడితో ముందే తేల్చుకోండి.

అపోహ: వీడియో గేములంటే పిల్లల వస్తువులే.

డబ్బా ముందు భాగంలో కింద మూలన ఒక అంకె ఉంటుంది: 3, 7, 12, 16, 18. ఇది యూరప్ వాళ్ల పెగీ రేటింగ్. ఆడటం ఎంత కష్టమో చెప్పే అంకె కాదది, ఏ వయసు నుంచి ఆడొచ్చో చెప్పేది. "మా వాడు హుషారు, 18 కూడా ఆడేస్తడు" అన్న నాన్నలున్నారు. ఆస్ట్రో బాట్‌కు 7, స్పైడర్‌మ్యాన్ 2కు 16, జీటీఏ 5కు 18. పదేళ్ల పిల్లాడికి జీటీఏ నేను అమ్మను. పక్క షాపుకు పోతారని తెలిసినా అమ్మను.

అలన్ వేక్ 2 అయితే పెద్దవాళ్లలో కూడా కొందరికే. హడావుడి లేకుండా, నెమ్మదిగా ఒళ్లు చల్లబరిచే భయం. తను రాసిన కథలోనే చిక్కుకుపోయిన రచయిత ఒకడు, ఒక ఊళ్లో జరిగిన హత్యలను ఆరా తీసే మహిళా అధికారి ఒకరు. రాత్రి లైట్లు తీసేసి, ఒంటరిగా, హెడ్‌ఫోన్స్‌తో ఆడాలి. 2023లో ఇది డిజిటల్‌గానే వచ్చింది, డిస్క్ వచ్చింది 2024 అక్టోబర్‌లో.

అపోహ: పేక ముక్కలు కనిపిస్తే అది జూదమే. అసలు ఆన్‌లైన్ గేములన్నీ బ్యాన్ అయ్యాయి కదా!

బలాట్రో అనే గేమ్ ఉంది. 2024 ఫిబ్రవరిలో, సీజన్ కాని సీజన్‌లో వచ్చింది. చేసింది లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఉన్న ఒకే ఒక్క మనిషి. అయినా ఆ ఏడాది ఉత్తమ గేమ్ పోటీలో ఆస్ట్రో బాట్ పక్కన నిలబడింది. పేక ముక్కలతో లెక్కలు కట్టే ఆట, పైసా పందెం లేదు. ముక్కలు కనిపించాయని పెగీ వాళ్లే ఒకప్పుడు దీనికి 18 ఇచ్చి, 2025 ఫిబ్రవరిలో 12కు దించారు. వాళ్లే పొరబడ్డప్పుడు మన ఇంట్లో పెద్దమనిషి "పేకాట పెట్టినవారా" అని అరిస్తే ఏమనగలం? ధర తక్కువ, సైజు తక్కువ, నెట్ అక్కర్లేదు. మొదలుపెడితే మాత్రం టైం తెలియదు.

చట్టం విషయానికొస్తే, తెలంగాణలో డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటి మీద 2017 నుంచే నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనే. మీరు కొనుక్కుని ఇంట్లో ఆడే స్పైడర్‌మ్యాన్‌కు దాంతో సంబంధం లేదు.

అపోహ: డిస్క్ కొంటే నెట్టూ అక్కర్లేదు, మెమరీ కూడా మిగులుతుంది.

రెండూ తప్పే. పీఎస్5లో డిస్క్ పెట్టినా గేమ్ మొత్తం లోపలికి ఎక్కాల్సిందే, ఆ పైన ఆడేటప్పుడు డిస్క్ కూడా లోపలే ఉండాలి. మొదటి పీఎస్5కు 825 జీబీ అని రాసున్నా మన చేతికొచ్చేది 667. స్పైడర్‌మ్యాన్ 2 ఒక్కటే వంద జీబీకి దగ్గర. 2022 కాల్ ఆఫ్ డ్యూటీ పీఎస్5 డిస్క్‌లోనైతే వంద ఎంబీ కూడా లేదు, మిగతాదంతా డౌన్‌లోడే. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే ఇంట్లో అది ఎన్ని రోజులకు దిగుతుందో మీరే చూసుకోండి. బయట తగిలించే హార్డ్ డిస్క్‌లో పీఎస్5 గేములు దాచుకోవచ్చు కానీ అక్కడి నుంచి ఆడలేరు. పీఎస్4 గేములైతే ఆడొచ్చు.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు డిస్క్ పెట్టే సందే ఉండదు. అది తెలియక సికింద్రాబాద్ పార్క్‌లేన్ నుంచి డిస్కులు తెచ్చుకుని "ఎక్కడ పెట్టాలన్నా?" అని అడిగినవాళ్లున్నారు.

అపోహ: 4కే టీవీ లేకపోతే పీఎస్5 దండగ.

మామూలు ఫుల్ హెచ్‌డీ టీవీలోనూ బాగానే ఉంటుంది. బొమ్మ కంటే ముందు టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. బటన్ నొక్కాక మనిషి ఆలస్యంగా ఎగురుతున్నాడంటే చాలాసార్లు తప్పు కంట్రోలర్‌ది కాదు, టీవీది.

అపోహ: క్రికెట్ గేమ్ అంటే మన టీమ్ అసలు పేర్లతోనే ఉంటుంది.

క్రికెట్ 24లో ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ లైసెన్సుతో అసలు మొహాలతో ఉంటాయి. ఇండియా టీమ్‌కు ఆ లైసెన్స్ లేదు. ఆడేవాళ్లు తయారుచేసి ఆన్‌లైన్‌లో పెట్టిన టీములను దింపుకోవాలి. ఆ పని తెలియక గేమ్ వాపసు తెచ్చేవాళ్లే ఎక్కువ.

అపోహ: గీతలు పడితే సెకండ్ హ్యాండ్ డిస్క్ పనికిరాదు.

బ్లూరే డిస్క్ మీద గట్టి పూత ఉంటుంది, సన్నని గీతలకు ఏం కాదు. నడిమి రంధ్రం చుట్టూ పగులు ఉందేమో చూడండి, ఉంటే వదిలేయండి. గేమ్‌లో అదనపు వస్తువుల కోసం డబ్బాలో ఇచ్చే కోడ్ ముందటివాడు వాడేసి ఉంటాడు, దానికి విలువ కట్టొద్దు. డిస్క్ ఏ రీజియన్‌దో (ఏ ప్రాంతపు దేశాల కోసం చేసిందో), మీ అకౌంట్‌ కూడా ఆ రీజియన్‌దే కాకపోతే తర్వాత కొనే అదనపు భాగాలు కలవవు. షాపులోనే కన్సోల్‌లో పెట్టించి, మెయిన్ మెనూ వచ్చేదాకా ఉండి అప్పుడు డబ్బులివ్వండి. నా దగ్గరైనా సరే.