తిరుపతి హాస్టళ్లు: కౌన్సెలర్ గది దాటాక దారేది?

కాలేజీ హాస్టళ్లలో కౌన్సెలర్లు ఉన్నారా లేరా అన్న పంచాయితీ తిరుపతిలో మళ్లీ రాజుకుంది. ర్యాంకుల గొడవ, మార్కులను బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టే గొడవ తెలిసిందే. మెలిక మాత్రం 2025 జులై 25 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణంపై తండ్రి వేసిన కేసది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలంది.

మనుషులు దొరకడం లేదన్నది యాజమాన్యాల మాట. కొరత నిజమే. కానీ అదే తీర్పు, అవసరమైన పిల్లల్ని వెంటనే ఆస్పత్రికి పంపే పద్ధతిని రాసి పెట్టుకోమంది. మానసిక సమస్యలకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ టెలీమానస్ లాంటి హెల్ప్‌లైన్ల నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో కనబడాలంది. గోడ మీద టెలీమానస్ నంబరు 14416 అని రాయించడానికి ఏ కొరత అడ్డొచ్చిందో మరి.

తల్లిదండ్రులు పట్టుబడుతున్నది ఆస్పత్రికి పంపే ఆ పద్ధతి గురించే. కౌన్సెలర్ మందు రాయలేరు. తిరుపతి ప్రభుత్వాసుపత్రి రుయాలో ఓపీ చీటీ తీసుకుని సైకియాట్రీ డాక్టరుకు చూపిస్తే, డిప్రెషన్‌కు ఫ్లూక్సెటిన్ రాశారనుకుందాం. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారాల్లో కొందరు పిల్లలకు చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు. అందుకే ఓ కన్నేసి ఉంచాలి, త్వరగా మళ్లీ చూపించాలి. మందు వార్డెన్ బీరువాలో, ఔటింగ్ నెలకోసారి అయితే ఆ రెండోసారి చూపించడమే తప్పిపోతుంది. "ఏం తగ్గలేదు" అని మూడో వారంలో మాత్ర మానేస్తారు.

ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే 2018లో అమల్లోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 87వ సెక్షన్ వర్తిస్తుంది. మైనర్‌ను పెద్దల వార్డులో ఉంచకూడదు. చేర్చినన్నాళ్లూ ఇంటి మనిషో, వాళ్లు పెట్టిన తోడో పక్కనే ఉండాలి. అమ్మాయికైతే ఆడతోడు తప్పనిసరి. 72 గంటల్లో ఈ చట్టం కింద ఉండే మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు ఆస్పత్రి తెలపాలి. అన్నీ అవసరమైన కట్టుబాట్లే. అయితే పిల్లలకు వేరే వార్డు లేనిచోట చేర్చుకునే వీల్లేదు. అప్పుడు చిత్తూరు వాళ్లు వేలూరు బాగాయంలోని సీఎంసీ మానసిక ఆస్పత్రికి, పలమనేరు వాళ్లు బెంగళూరు నిమ్హాన్స్‌కు బస్సెక్కాలి. కూలికెళ్లే తల్లి పనులు మానుకుని అక్కడ కూర్చోవాలి.

ఇబ్బంది కనబడితే ఫోన్ చేసి ఇంటికి పంపుతున్నామని యాజమాన్యాలు చెబుతున్నాయి. ఏ డాక్టరుకు చూపించాలో చీటీ రాయకుండా, మళ్లీ ఎప్పుడు తీసుకురావాలో చెప్పకుండా పంపడాన్ని ఆస్పత్రికి పంపడం అనరు. హాస్టల్ రిజిస్టర్‌లో మాత్రం "తండ్రికి అప్పగించాం" అని సంతకం ఉంటుంది.