గాజులో లెక్క తప్పేది ఎక్కడ?

స్వచ్ఛమైన సిలికా గాజు, క్వార్ట్జ్ స్ఫటికం. రెండింట్లోనూ ఉన్నవి సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులే. నిష్పత్తి కూడా ఒకటే: ఒక సిలికాన్‌కి రెండు ఆక్సిజన్లు. స్ఫటికంలో అవి బారులు తీరి ఉంటాయనీ, గాజులో చిందరవందరగా పడి ఉంటాయనీ చదువుకున్నాం. ఆ రెండో మాట సగమే నిజం.

గాజులో ఏదో ఒక సిలికాన్ దగ్గర ఆగి చూడండి. చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, ఒక్కోటీ దాదాపు 0.16 నానోమీటర్ల దూరంలో. ఏ రెండు ఆక్సిజన్ల మధ్య కోణం కొలిచినా 109 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. క్వార్ట్జ్‌లోనూ దాదాపు ఇవే అంకెలు. ఇరుగుపొరుగు వరకూ గాజు పద్ధతిగానే ఉంటుందన్నమాట.

లెక్క తప్పేది ఆక్సిజన్ దగ్గర. ప్రతి ఆక్సిజనూ రెండు సిలికాన్లను కలిపే కీలు లాంటిది. క్వార్ట్జ్‌లో ఆ కీళ్లన్నీ ఒకే కోణంలో, సుమారు 144 డిగ్రీల దగ్గర బిగుసుకుని ఉంటాయి. గాజులో ఒకటి 130 దగ్గర ఆగితే, పక్కది 150 దాటిపోతుంది. పైగా మెలి తిరుగుతుంది కూడా. ఈ చిన్న చిన్న తేడాలు పేరుకుని, నాలుగైదు కీళ్లు దాటేసరికి ఏ పరమాణువు ఎక్కడుందో ఊహించలేని స్థితి వస్తుంది.

ఇలాంటి గజిబిజి అల్లికను 1932లో జకారియాసెన్ అనే శాస్త్రవేత్త కాగితం మీద గీసి చూపించాడు. మంచు సున్నా డిగ్రీల దగ్గర ఠక్కున కరుగుతుంది, గాజు మాత్రం నెమ్మదిగా మెత్తబడుతుంది. దానికి కారణమూ ఇదే: బంధాలన్నీ ఒకే తీరులో లేవు, కాబట్టి అన్నీ ఒకేసారి తెగవు. కిటికీ గాజులో సోడా కలుపుతారు కదా, అందులోని సోడియం కొన్ని కీళ్లను ఊడదీస్తుంది. అందుకే అది సిలికా గాజు కంటే చాలా తక్కువ వేడికే లొంగుతుంది.

జకారియాసెన్ గీసింది ఊహాచిత్రం. అసలు ఫొటో 2012లో దొరికింది, అదీ అనుకోకుండా. గ్రాఫీన్, అంటే ఒకే ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర, తయారుచేస్తుంటే దాని మీద మురికిలా ఏదో కనిపించింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే అది అతి పల్చటి సిలికా గాజు. స్ఫటికమైతే అన్నీ ఆరు సిలికాన్ల వలయాలే ఉండాలి. ఇక్కడ ఆరు పక్కన అయిదు, అయిదు పక్కన ఏడు, అక్కడక్కడా ఎనిమిది. ఆ ఫొటోను 1932 నాటి బొమ్మ పక్కన పెడితే రెండూ దాదాపు ఒకేలా ఉన్నాయి.